కాలు సరే, కంచం సంగతేమిటి?



మన ఊళ్లలో ఒకరికి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిందంటే, చూడడానికి వెళ్లినవారంతా అడిగేవి రెండే ప్రశ్నలు. "కాలు ముడుచుకొంటున్నదా?" అని ఒకటి, "మొత్తం ఎంతయింది?" అని రెండవది. ఇంటివారు వచ్చినవారందరికీ ఓపికగా జవాబు చెబుతారు. మంచం పక్కన స్టూలు మీద మూతపెట్టి ఉన్న కంచం వైపు మాత్రం ఎవరూ చూడరు. పొద్దున పెట్టిన ఇడ్లీ అందులో అలాగే ఉంటుంది.

కుటుంబాలను దర్శించేటప్పుడు ఈ ఆపరేషన్ చేయించుకొన్నవారి ఇళ్లలో నాకు రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. మొదటి నెలలో వెళితే, "అయ్యగారూ, అమ్మ ముద్ద ముట్టడం లేదు, మనిషి పీక్కుపోయింది" అంటారు. ఏడాది దాటాక వెళితే, "అయ్యగారూ, కాళ్లు బాగుపడితే ఒళ్లు తగ్గుతుందనుకొన్నాను. తగ్గకపోగా ఇంకా పెరిగాను" అంటారు. వినడానికి ఇవి రెండు వేరువేరు కష్టాలు. నిజానికి రెండింటికీ మూలం ఒకటే. బాగా తినవలసిన రోజుల్లో పథ్యం పేరుతో కడుపు మాడుస్తాం. కొలుచుకొని తినవలసిన రోజుల్లో "ఆపరేషన్ అయిన మనిషి" అని గారాబం చేస్తాం. ఈ రెంటినీ సరిచేసుకొంటే, అప్పుచేసి వేయించుకొన్న కీలు మనకు పూర్తిగా అక్కరకు వస్తుంది. అందుకే ఈ నెల ఈ సంగతి వ్రాస్తున్నాను.

ఒంటికి తగిలిన దెబ్బ చిన్నది కాదు

అరిగిన కీలు తీసి కొత్తది అమర్చడం నిన్న మొన్నటి విద్య కాదు. ఇంగ్లాండులో జాన్ చార్న్‌లీ అనే డాక్టరు 1962లో తుంటి కీలు మార్పిడిని స్థిరమైన పద్ధతికి తెచ్చాడు. ఆ తరువాతి పదేళ్లలో మోకాలికీ అటువంటి పద్ధతులు వచ్చాయి. మన దేశంలో ఈ ఆపరేషన్ పేరు ఇంటింటికీ తెలిసింది మాత్రం అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారికి 2000లో ఒక మోకాలు, 2001లో రెండవ మోకాలు ముంబయిలో మార్చినప్పుడే. ఇప్పుడు జిల్లా పట్టణాలలో కూడా చేస్తున్నారు. మనవాళ్లు దీనిని "చిప్పల ఆపరేషన్" అంటారు గాని, ముఖ్యంగా మార్చేది తొడ ఎముక కొస, కాలి ఎముక కొస. అరిగిన భాగం కోసి, లోహపు తొడుగులు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు.

ఆపరేషన్ గంటా రెండు గంటల్లో అయిపోతుంది. మరునాడే వాకర్ పట్టించి నడిపిస్తారు. అందువల్ల ఇదేదో చిన్న పని అనుకొంటాం. ఒంటికి మాత్రం అది పెద్ద గాయమే. కోసిన కండ అతుకుకోవాలి, పోయిన రక్తం మళ్లీ పట్టాలి, ఎముక కొత్త కీలుతో కుదురుకోవాలి. ఇల్లు కట్టేవానికి ఇటుక, ఇసుక అందించకపోతే పని ఆగుతుంది. ఒళ్లు మాత్రం పని ఆపదు. బయట నుండి సరుకు రాకపోతే తన కండనే కరిగించి వాడుకొంటుంది.

ఆ కరిగే కండలో ముఖ్యమైనది తొడ ముందు భాగంలో ఉండే పెద్ద కండ. కుర్చీలో నుండి లేవాలన్నా, మెట్టు ఎక్కాలన్నా మోకాలిని నిలబెట్టేది అదే. ఆపరేషన్ అయిన నెల నాటికి ఆ కండ బలం అంతకు ముందున్న దానిలో సగానికి పడిపోతుందని పరిశోధకులు కొలిచి చూశారు. అమెరికాలోని ఓరిగాన్‌లో 28 మంది పెద్దవారి మీద జరిపిన ఒక పరిశోధన 2013లో వెలువడింది. ఆపరేషన్‌కు వారం ముందు నుండి, తరువాత రెండు వారాల వరకు కొందరికి కండకు కావలసిన ప్రొటీన్ సారం రోజూ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఇవ్వనివారి తొడ కండ రెండు వారాలలో సుమారు 14 శాతం తరిగిపోయింది. ఇచ్చినవారికి తరిగింది సుమారు 3 శాతమే. అదే కత్తి, అదే కీలు. తేడా నోటి ద్వారా లోపలికి వెళ్లినదానిలోనే ఉన్నది.

ఆకలి ఎందుకు చచ్చిపోతుంది?

తినకపోవడం పెద్దవారి మొండితనం కాదని ఇంటివారు ముందుగా గ్రహించాలి. గాయం మానే పనిలో ఒళ్లు వేడెక్కి ఉన్నప్పుడు ఆకలి దానంతట అదే మందగిస్తుంది. మత్తు ప్రభావం, గట్టి నొప్పి మాత్రలు కడుపులో తిప్పుతాయి. అవే మాత్రలు, రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ మాత్రలు మలబద్ధకం తెస్తాయి. మూడు రోజులు కడుపు కదలని మనిషికి అన్నం చూస్తే రోత పుట్టదా? కొన్ని మందుల వల్ల నోరు చేదవుతుంది. రాత్రి నొప్పితో నిద్ర ఉండదు. పగలంతా గోడ వైపు చూస్తూ ఒంటరిగా పడుకొన్న మనిషికి మనసు దిగులు పడుతుంది. ఆ దిగులే ఆకలిని మింగేస్తుంది.

ఇంకొక కారణం ఉన్నది. పెద్దవారు దానిని సిగ్గుతో చెప్పరు. మోకాలు మార్చినవారు గొంతుకూర్చోలేరు. మన పల్లెటూరి ఇళ్లలో చాలా చోట్ల నేల మీద కూర్చొనే మరుగుదొడ్డే ఉంటుంది. మాటిమాటికీ కోడలిని పిలవాలి, కొడుకు ఎత్తి దింపాలి. అందుకని ఆ తల్లి ఏమి చేస్తుందంటే, తిండి తగ్గించేస్తుంది, నీళ్లు మానేస్తుంది. "ఆకలి లేదు" అనే మాట వెనుక ఎన్నోసార్లు ఉండే సంగతి ఇదే. ఆపరేషన్‌కు ముందే మధ్యలో రంధ్రమున్న ఎత్తు కుర్చీ ఒకటి సిద్ధం చేసుకోండి. మందుల దుకాణాలలో మడత కుర్చీలు దొరుకుతాయి. ఊరి వడ్రంగి కూడా చేసిపెడతాడు. ఆ కుర్చీ ఇంటికి వచ్చిన రోజు నుండి కంచంలో అన్నం ఖాళీ అవడం మీరే చూస్తారు.

మలబద్ధకానికి గ్లాసెడు గోరువెచ్చని నీళ్లు, జామ, బొప్పాయి, ఆకుకూర, డాక్టరు చెప్పిన విరేచనపు మందు వాడాలి. నొప్పి మాత్రలు ఖాళీ కడుపున వేసుకోకూడదు. ఐరన్ మాత్రను టీతో, పాలతో కాకుండా నీళ్లతో వేసుకోవాలి. నిమ్మరసం తోడైతే ఒంటికి ఇంకా బాగా పడుతుంది.

పథ్యం ఎవరు పెట్టారు?

ఇంటికి రాగానే పెద్దమ్మలు, మేనత్తలు పథ్యం చెబుతారు. పప్పు తింటే చీము పడుతుందంటారు. గుడ్డు వేడి అంటారు. చేప వద్దు, కోడి వద్దు, వంకాయ దురద, గోంగూర అసలే వద్దు. ఇక మిగిలింది చారు అన్నం, కారప్పొడి, బీరకాయ కూర, బ్రెడ్డు. వారి ప్రేమను నేను తప్పుపట్టను. చీముకు మందు లేని కాలంలో భయంతో పుట్టిన జాగ్రత్తలవి. కాని పప్పు వల్ల చీము పట్టదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. వాటితో పోరాడడానికి ఒంటికి కావలసినదే పప్పులో, గుడ్డులో, చేపలో ఉన్నది. శత్రువు వస్తున్నాడని కాపలావాడికి అన్నం మానిపించడం వంటిది ఈ పథ్యం. డాక్టరుగారు ఒక పదార్థం పేరు చెప్పి వద్దంటే అది పాటించండి. ఆయన చెప్పనిది మీరు కల్పించి పాటించకండి. అంతకు ముందు నుండి తింటూ పడని వస్తువు ఏదైనా ఉంటే అది ఎలాగూ వద్దు.

కోలుకొంటున్న పెద్దవారికి ఎంత కావాలి? తమ బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు, కావాలని నిపుణులు చెబుతారు. 60 కిలోల మనిషికి అది 72 నుండి 90 గ్రాములు. వినడానికి పెద్ద లెక్కలా ఉన్నా ఇంట్లో ఉన్నవాటితోనే తీరుతుంది. ఉదయం రెండు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు తింటే 16 గ్రాములు. పదిగంటలకు గ్లాసు పాలు, 6 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, గట్టిపప్పు, గిన్నెడు పెరుగు కలిపి 20 గ్రాముల దాకా వస్తుంది. సాయంత్రం గుప్పెడు వేయించిన వేరుశెనగలు, 7 గ్రాములు. రాత్రి కొంచెం అన్నంతో నూరు గ్రాముల చేప గాని కోడి గాని, పడుకొనే ముందు గ్లాసు పాలు, ఇవి 30 గ్రాములు. మొత్తం దాదాపు 80 గ్రాములు. మాంసం తిననివారు నాలుగు పదుల గ్రాముల మీల్‌మేకర్ నానబెట్టి కూర చేసుకొంటే చేపకు సమానం. పళ్లు లేనివారికి గుడ్డు చిదిమి పెట్టండి, చేప ముల్లు తీసి పప్పులో కలపండి, వేరుశెనగ పొడిచేసి అన్నంలో పెట్టండి.

ఒక హెచ్చరిక. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. వారు డాక్టరును అడిగే తినాలి. షుగరు ఉన్నవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. తిండి సగమై, మాత్రగాని ఇన్సులిన్‌గాని మునుపటి మోతాదే అయితే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. అలాగని మాత్ర మానేస్తే షుగరు పెరిగి గాయం మానదు. తిండి తగ్గిందని వెంటనే డాక్టరుకు ఫోనుచేసి మోతాదు అడగండి.

ఒకేసారి కంచం నిండా పెట్టకండి. చూడగానే కడుపు నిండిపోతుంది. చిన్న గిన్నెలో రెండు గంటలకొకసారి పెట్టండి. ముందు గుడ్డు, పప్పు, చేప తినిపించి, తరువాత అన్నం పెట్టండి. అన్నిటికంటె ముఖ్యం, పక్కన కూర్చొని తినండి. జీవితమంతా అందరికీ వడ్డించి చివర తిన్న మన తల్లులకు తమకోసం గుడ్డు ఉడకబెట్టమని అడగడానికి నోరు రాదు. మనవలు చూస్తుండగా తానొక్కతే తినడం వారికి తప్పుగా తోస్తుంది. ఆ గుడ్డు తినడం ఆమె వంతు పని అని ఇంట్లో అందరి ముందూ చెప్పండి.

ఉపవాసం సంగతి

ఇది సేవకుడిగా నేను చెప్పవలసిన మాట. "ఆపరేషన్ బాగా జరిగితే నలభై దినాలు ఒంటిపూట ఉంటానని మ్రొక్కుకొన్నాను అయ్యగారూ" అని చెప్పేవారున్నారు. శ్రమదినాలలో ఆపరేషన్ అయితే ఉపవాసం తప్పిపోయిందని కుమిలిపోయేవారున్నారు. శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు మందులు కూడా మాని వచ్చేవారు లేకపోలేదు. ప్రియులారా, కుట్లు మానని ఒంటితో ఉపవాసం ఉండమని దేవుడు ఎవరినీ అడగడు. యాయీరు కుమార్తెను లేపిన తరువాత ప్రభువు ఆ ఇంటివారికి మొదట చెప్పినది ఏమిటి? ఆ చిన్నదానికి తినడానికి ఏమైనా పెట్టమని. స్వస్థత ఇచ్చినవాడే ఆకలిని కూడా తలచుకొన్నాడు. మ్రొక్కుబడి ఉంటే సంపూర్ణంగా కోలుకొన్నాక, డాక్టరు సరేనన్నాక తీర్చుకోవచ్చు. ఈ లోపల మంచం మీద నుండే ప్రార్థించండి. అన్నం తినే ప్రార్థించండి.

మొదటి వారాల తూకం

ఆపరేషన్ అయిన వారానికి తూచి, "రెండు కిలోలు పెరిగాను, ఇంకా తినమంటారా?" అని అడిగేవారున్నారు. అది కొవ్వు కాదు. సెలైను ద్వారా ఎక్కిన నీరు, కాలిలో చేరిన వాపు. అవి తగ్గగానే ఆ బరువూ దిగుతుంది. కొత్త కీలు బరువని కొందరు భయపడతారు. అది అరకిలోకి అటూ ఇటూ ఉంటుంది, తీసివేసిన ఎముకకు అది చెల్లు.

వాపు తీసిన తరువాత అసలు బరువు తెలుస్తుంది. రెండవ వారం నుండి వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం పూట తూచి గోడ క్యాలెండరు మీద వ్రాయండి. ఇంట్లో తూకం యంత్రం లేకపోతే ఆరోగ్య ఉపకేంద్రంలో ఉంటుంది. నెలలో బరువు వందకు ఐదు వంతులు, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే తేలికగా తీసుకోకండి, డాక్టరుకు చెప్పండి. నొప్పి మాత్రలు తగ్గుతూ, నడక పెరుగుతూ ఉంటే కొద్ది వారాలలో ఆకలి తిరిగి వస్తుంది. రాకపోయినా, జ్వరం ఉన్నా, గాయం ఎర్రబడి కారుతున్నా, వాంతులు ఆగకపోయినా, మలం తారులా నల్లగా వస్తున్నా ఆలస్యం చేయకండి. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది గాని, ఆ తేడా తేల్చవలసింది డాక్టరే. పిక్క వాచి నొప్పిపెట్టినా, ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరండి.

ఆకలి వచ్చాక

ఇక రెండవ భాగం. మూడు నెలలు గడిచాయి, గాయం మానింది, ఆకలి వచ్చింది. ఇప్పుడు కథ తిరగబడుతుంది. అమెరికాలో 2010లో వెలువడిన ఒక పరిశోధనలో మోకాలు మార్పించుకొన్న ప్రతి ముగ్గురిలో ఇద్దరు రెండేళ్లలో బరువు పెరిగారు. పెరిగిన బరువు సగటున 6.4 కిలోలు. 2013లో వెలువడిన మరొక పరిశోధన ఐదేళ్ల తరువాత చూసింది. నూటికి 30 మంది తమ బరువులో ఐదు శాతం గాని అంతకు మించి గాని పెరిగారు. ఆపరేషన్ చేయించుకోనివారిలో అలా పెరిగినవారు నూటికి 20 మంది.

నొప్పి పోయింది కదా, నడవవచ్చు కదా, మరి ఎందుకు పెరిగారు? నొప్పి ఒక్క రోజులో పోవచ్చు గాని, పదేళ్లుగా కూర్చొన్న అలవాటు ఒక్క రోజులో పోదు. నీళ్లు కోడలు తెస్తుంది, పాలకేంద్రానికి మనవడు వెళతాడు, గుడికి ఆటో వస్తుంది. ఆకలి మాత్రం పాత రోజులదే, పొలంలో కలుపు తీసిన రోజులది. పైగా మొదటి నెలలో నేర్పిన పాలు, వేరుశెనగలు అలాగే కొనసాగుతూ, వాటి మీద మళ్లీ రెండు పూటలా నిండు అన్నం వచ్చి చేరుతుంది.

చూడవచ్చినవారు తెచ్చిన బిస్కెట్లు, హార్లిక్స్ సీసాలు, స్వీటు డబ్బాలు ఉండనే ఉన్నాయి. టీ సంగతి చూడండి. రోజుకు నాలుగు టీలు, ఒక్కొక్క దానిలో రెండు చెంచాల పంచదార. రోజుకు 40 గ్రాములు, నెలకు కిలోంబావు వరకు. ఏడాదికి పదిహేను కిలోల పంచదార ఒక్క టీ ద్వారానే లోపలికి పోతున్నది.

బరువు పెరిగితే ఏమవుతుంది? కొత్త కీలు మోయాలి, అది సరే. రెండవ మోకాలు మన సొంతది, అదీ అరుగుతున్నది. అమెరికాలో 2005లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, మోకాళ్లు అరిగినవారు ఒక కిలో బరువు తగ్గితే అడుగుకు నాలుగు కిలోల భారం మోకాలి మీద తగ్గుతుంది. ఐదు కిలోలు తగ్గితే ప్రతి అడుగుకు ఇరవై కిలోలు. రెండవ కాలికి కూడా కత్తి పడకుండా ఆపగలిగే మందులలో ఇది ఒకటి, దీనికి డబ్బులు అక్కరలేదు.

కనుక మూడు నెలల తరువాత కంచం మార్చండి. గుడ్డు, పప్పు, చేప, పెరుగు అలాగే ఉంచండి. అన్నం ఒక వంతు తగ్గించి ఆ చోట కూర పెంచండి. టీలు రెండు చేసి, చెంచా పంచదారతో సరిపెట్టండి. నూనెలో వేగినవి ఆదివారానికి ఉంచండి. పూటకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, డాక్టరు, ఫిజియోథెరపీవారు చెప్పినట్లు పెంచుకొంటూ పోండి. మంచం మీద కాలు చాపి తొడ బిగించే వ్యాయామం, కుర్చీలో కూర్చొని కాలు చాపే వ్యాయామం కుట్లు ఊడిపోగానే మానేసేవి కావు. కరిగిన కండ తిరిగి రావాలంటే తిండి ఒక్కటి చాలదు, పని కూడా ఉండాలి. పని లేని తిండి కొవ్వు అవుతుంది, తిండి లేని పని నీరసం అవుతుంది.

సంఘానికి ఒక మాట

రోగిని చూడడానికి వెళ్లేటప్పుడు బ్రెడ్డు, బిస్కెట్లు కొనడం మనకు ఆచారమైపోయింది. ఇక మీద ఒక పని చేయండి. స్త్రీల కూడికలో మాట్లాడుకొని, మొదటి నెల రోజులు వంతులవారీగా ఆ ఇంటికి అరడజను గుడ్లో, గిన్నెడు ముద్దపప్పో, ముల్లు తీసిన చేపల కూరో పంపండి. కోడలికి ఒక పూట వంట తప్పుతుంది, ఆ తల్లికి కండ నిలుస్తుంది. మూడు నెలలు దాటాక గిన్నె తీసుకువెళ్లకండి, చెప్పులు వేసుకొని వెళ్లండి. సాయంత్రం చల్లబడ్డాక ఆమెను చేయిపట్టి మందిరం దాకా నడిపించుకొని వెళ్లి, తిరిగి ఇంట్లో దింపండి.

"కాలు ఎలా ఉన్నది?" అని అడగండి, తప్పులేదు. దాని వెంటనే "ఈ పూట ఏమి తిన్నావమ్మా?" అని కూడా అడగండి. జవాబు "చారన్నం" అని వస్తే, లేచి వెళ్లి పొయ్యి మీద రెండు గుడ్లు పెట్టండి.